స్టేషన్ మాస్టర్ కోటు

నేను పనిచేసే రెస్ట్ హోమ్‌లో ప్రతి బట్టకీ పేరుండాలి. చొక్కా కాలరు లోపల, ప్యాంటు నడుము పట్టీకి, ఆఖరికి సాక్సులకి కూడా చిన్న తెల్ల పట్టీ మీద పేరు అచ్చేసి వేడితో అంటిస్తాం. ముసలివాళ్ళందరి బట్టలూ ఒకే మిషన్‌లో పడతాయి కదా. పేరు లేకపోతే ఏది ఎవరిదో తేలదు. అలాంటివాటిని కిటికీ కింద బుట్టలో వేస్తాం.

నాకు ఇంగ్లీషు చదవడం సరిగా రాదు. ఐదో తరగతితో బడి అయిపోయింది. అక్షరాలు మాత్రం తెలుసు. అందుకని నేను పేరు చదవను, పోలుస్తాను. పట్టీ మీద అక్షరాల వరసా, ఒక్కొక్కరి బట్టలు పెట్టే అర మీద అతికించిన అక్షరాల వరసా పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. ఏడేళ్ళలో ఒక్క సాక్సు కూడా తప్పు గదికి పోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. రాయడం నాకు కొత్త, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, అందుకని పట్టీ దగ్గర మొదలుపెట్టాను. నిజంగా కూడా ఇదంతా అక్కడే మొదలైంది.

ఒకరోజు ఉతికే బట్టల్లో ఒక నల్లకోటు వచ్చింది. ఇత్తడి గుండీలు, మెడ దగ్గర బాగా నలిగిపోయింది. లోపల గుడ్డపట్టీ ఉంది గానీ మేం అంటించేది కాదు. ఎవరో సూదీ దారంతో అక్షరాలు కుట్టారు. ఆ వరస ఏ అర మీదా లేదు. రెండుసార్లు చూశాను. ఇంక చేసేది లేక కోటుని చేత్తో ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి బుట్టలో పైన పెట్టాను.

మూడోరోజు పదకొండు గంటలప్పుడు ఒక పెద్దాయన లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికి వచ్చి నెలయిందేమో, ఫ్రెంచాయన అని మాత్రం తెలుసు. లోపల వేడి గొట్టాలుంటాయని ముసలివాళ్ళని రానివ్వరు. ఆయన గుమ్మం దాటలేదు. బుట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు, నడుం వంచి దణ్ణం లాంటిదేదో పెట్టాడు. కోటు తీసి ఇచ్చాను. ఇస్త్రీ మడత చూసి చేత్తో నిమిరాడు. ఆ పట్టీ మీద ఉన్నది తన పేరు కాదని, ఒక నాటకంలో తన వేషం పేరని చెప్పాడు. స్టేషన్ మాస్టర్ వేషం. ఆ పట్టీ కుట్టింది వాళ్ళావిడట.

ఆ మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి వచ్చేవాడు. గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీ వేశాను. నేను లోపల దుప్పట్లు మడతపెడుతుంటే ఆయన బయట కూర్చుని మాట్లాడేవాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే. రెండు కుంటి కాళ్ళూ కలిసి నడిచినట్టు నడిచింది. మా దగ్గర అందరూ ముసలివాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. అంత పెద్దాయన్ని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. ఏమని పిలవమంటారంటే, మెస్యూ అను చాలన్నాడు. నన్ను మదామ్ అనేవాడు. లాండ్రీలో నన్నెవరూ అలా పిలవలేదు.

ఆయన జీవితం నాకు ఆ గుమ్మం దగ్గర ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాళ్ళమ్మ ఒక చిన్న ఊరి రైల్వేస్టేషన్‌లో టికెట్లు కొట్టేదట. పదిహేడేళ్ళకి ఇంట్లో చెప్పకుండా పెద్ద పట్నం రైలెక్కి నాటకాల కంపెనీలో చేరాడు. మొదటి వేషం ట్రే మీద ఉత్తరం పెట్టుకుని స్టేజీ మీదకి రావడం, ఇచ్చి వెళ్ళిపోవడం. మాటే లేదు. ఏడాదంతా అదే వేషం. ఆ నడక ఇప్పటికీ వచ్చని కారిడార్‌లో నడిచి చూపించాడు. చేతిలో ఏమీ లేకపోయినా నాకు ట్రే కనపడింది.

ముప్పై దాటాక స్టేషన్ మాస్టర్ వేషం దొరికింది. ఆ నాటకంలో ఒక ఊరికి రైలు ఆపేస్తారు. ముసలి స్టేషన్ మాస్టర్ ఆఖరి రోజున ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ లైన్‌లో ఉన్న పదకొండు ఊళ్ళ పేర్లూ ఒక్కొక్కటే పిలిచి సెలవు తీసుకుంటాడు. అదీ ఆఖరి ఘట్టం. మొదట్లో జుట్టుకి తెల్ల పౌడరు కొట్టుకునేవాణ్ణి, ఆడగా ఆడగా పౌడరు అక్కర్లేకుండా పోయింది అన్నాడు. మధ్యలో సినిమాలు. పోలీసు, డాక్టరు, హోటల్లో తాళంచెవి ఇచ్చేవాడు. రొట్టెల కొట్టు ఆవిడకి తన మొహం తెలుసు, పేరు తెలీదు. మీరు మా మేనమామ పక్కింటాయన కదూ అని అడిగేదట. ఇది చెప్పి చాలాసేపు నవ్వాడు. ఆవిడ, అంటే వాళ్ళావిడ, మేం వచ్చి ఉంటున్న ఈ దేశం పిల్ల. నాటకాల బట్టలు కుట్టడానికి ఆయన దేశం వెళ్ళి అక్కడే ఉండిపోయింది. వాళ్ళ ఒక్క కూతురూ అమ్మ దేశానికి తిరిగొచ్చి మౌంట్ రాస్కిల్‌లో టీచరైంది. అమ్మ పోయాక నాన్నని తెచ్చుకుంది. తర్వాత ఆయన స్టవ్ ఆపడం మర్చిపోతున్నాడని ఇక్కడ చేర్చింది.

నేనూ మా నాన్న గురించి చెప్పాను. మా నాన్న పద్యనాటకాలకి ప్రాంప్టర్. పక్క తెర వెనకాల స్టూలు మీద కూర్చుని పుస్తకం పట్టుకుని, ఎవరైనా మర్చిపోతే మాట అందించేవాడు. ఆయనకో పద్ధతి ఉండేది. ఆగినవాడికి మొదటి రెండక్షరాలే అందించాలి. మొత్తం మాట అందిస్తే ఆ నటుణ్ణి పదిమందిలో చెంప మీద కొట్టినట్టే అనేవాడు. మెస్యూకి ఇది చెప్తే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వాళ్ళ దగ్గరా అలాంటి మనిషి ఉండేవాడట, స్టేజీ ముందు గూట్లో కూర్చుని. వాడు ఎలా ఊపిరి తీసుకునేవాడో కూడా తనకి గుర్తుందన్నాడు.

అప్పుడే వన్స్ మోర్ గురించి చెప్పాను. మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు, నటుడు మళ్ళీ పాడాల్సిందే. ఒకసారి యుద్ధంలో పడిపోయిన రాజు పద్యం పాడి ప్రాణం వదిలేశాడు. జనం ఊరుకోలేదు. చచ్చిపోయిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడు. మెస్యూ దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

“యాభై ఏళ్ళు మదామ్” అన్నాడు. “చప్పట్లున్నాయి, పువ్వులున్నాయి. మళ్ళీ చెప్పమని ఒక్కరూ అడగలేదు.”

“నేనడుగుతాను మెస్యూ” అన్నాను.

అడుగుతానన్నాను. ఆ మాట ఇచ్చింది నేనే.

చలికాలం మొదట్లో ఒక పొద్దున ఆయన ఆ కోటేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. రెండు వీధుల అవతల బస్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సుకీ చెయ్యెత్తి ఆపి, ఎక్కకుండా పంపిస్తున్నాడట. అక్కడి డెయిరీ కొట్టతను ఫోన్ చేశాడు. తర్వాత వారంలో ఇంకోసారి వెళ్ళాడు. మేనేజరూ కూతురూ కారిడార్‌లో నిలబడి మాట్లాడుకున్నారు. నేను దుప్పట్ల బండి తోసుకుంటూ వాళ్ళ పక్కనుంచే వెళ్ళాను. మాటలు వినపడ్డాయి గానీ సగమే అర్థమయ్యాయి.

మిగతా సగం నాతో పనిచేసే ఫిజీ ఆవిడ, హిందీ మాట్లాడుతుంది, ఆవిడ చెప్పింది. ఆవిడని దీదీ అంటాను. ఊరికి అవతల ఇంకో హోమ్ ఉంది, మతిమరుపు బాగా ముదిరినవాళ్ళని అక్కడ పెడతారట. “తలుపుకి నంబర్ లాక్ ఉంటుంది బేటీ” అంది. “లోపలికెళ్ళినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు బయటికి రాలేరు.” ఇంకో రెండు వారాలకి, ఆదివారం టీ అయ్యాక కూతురూ మేనేజరూ కూర్చుని తేల్చుకుంటారు. పంపాలా, ఇక్కడే ఉంచి చూడాలా అని.

మెస్యూకి ఇది తెలుసు. ఎవరు చెప్పారో తెలీదు. పదకొండింటికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడే అన్నాడు.

“ఆదివారం నేను చెప్తాను. మొత్తం, పదకొండు ఊళ్ళూ. నా కూతురు చూస్తుంది. చూస్తే తెలుస్తుంది, ఇంకా ఇక్కడున్నానని.” అని వేలితో కణత మీద కొట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూపించాడు. “నువ్వు పక్కన నిలబడాలి. మీ నాన్నలాగా.”

నాకు ఫ్రెంచి రాదన్నాను. రానక్కర్లేదన్నాడు.

అలా మొదలైంది. ఆయన చెప్పేవాడు, నేను వినపడింది వినపడినట్టు తెలుగక్షరాల్లో రాసుకునేదాన్ని. ఇండియన్ షాపువాళ్ళిచ్చిన క్యాలెండర్ చింపి నెలకాగితాల వెనక రాశాను. ఆ భాషలో సగం మాటలు ముక్కులోంచి వస్తాయి. అవి ఎలా రాయాలో చాలాసేపు తోచలేదు. చివరికి మా నాన్న పద్యాల పుస్తకాల్లో ఉండే అరసున్న గుర్తొచ్చింది. బళ్ళో మాకు ఎవరూ నేర్పలేదు, నాన్న చూపించాడు. నిండుసున్నలో సగం, గాలి ముక్కులోకి పోయి ఆగాలి అనేవాడు. ముక్కుతో పలికిన చోటల్లా అది పెట్టాను. మొదటి లైను ఇలా ఉంటుంది:

మేదామ్, మెస్యూ, ల త్రాఁ న వియాఁద్ర పా.

ఇంట్లో వంట చేస్తూ చదువుకునేదాన్ని. మా ఆయన మేముండే పాపటోయిటోయిలోనే ఒక రెస్టారెంట్‌లో కుక్కు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ, “ఏవే, ఫ్రెంచి నోవు ఏవైనా పట్టావా? ఉద్యాపనకి నన్ను కూడా పిలు” అన్నాడు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే. “అమ్మా, యు సౌండ్ లైక్ ఎ రైల్వే అనౌన్స్‌మెంట్” అంది. దానిచేత ఫోన్‌లో అడిగించి ఆ మొదటి లైనుకి అర్థం తెలుసుకున్నాను. అమ్మలారా, అయ్యలారా, బండి రాదు. అంతే. ఇంకేమీ అడిగించలేదు. ఎందుకో ఆ ఒక్కటీ చాలనిపించింది.

రెండు వారాలు చేశాం. కొన్ని రోజులు గడగడా వచ్చేది. కొన్ని రోజులు ఐదో ఊరి దగ్గర ఆగిపోయి నా మొహం చూసేవాడు. రెండక్షరాలు అందిస్తే పట్టుకుని పోయేవాడు. ఒకరోజు అసలు ఎందుకొచ్చాడో మర్చిపోయి వెనక్కెళ్ళిపోయాడు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెప్పాల్సిందేమో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం నాకు డ్యూటీ లేదు, అయినా వెళ్ళాను. హాల్లో కుర్చీలన్నీ వరసలుగా వేశారు. టీలూ కేకూ అయ్యాయి. కూతురు ముందు వరసలో కూర్చుంది, పక్కన మేనేజరు. నేను పియానో పక్కన కర్టెన్ దగ్గర నా కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. కాగితాలు చప్పుడు చెయ్యకుండా పొట్టకి ఆనించుకున్నాను.

ఆయన కోటేసుకుని వచ్చాడు. ఇత్తడి గుండీలు ముందురోజు నేనే తోమాను. నడక మారిపోయింది. నాకు తెలిసిన ముసలాయన కాదు, ఇంకో ముసలాయన. మేదామ్, మెస్యూ అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు, అయినా చివర కూర్చున్న చెవిటావిడ కూడా తలెత్తింది. ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్కో ఊరికీ ఒక్కో మొహం. ఒక ఊరి దగ్గర నవ్వాడు, ఒక ఊరి దగ్గర టోపీ తీసినట్టు చేశాడు. ఏడో ఊరికి ముందు ఆగాడు. మొహం తిప్పలేదు, చెవి మాత్రం నా వైపు తిప్పాడు. రెండక్షరాలు అందించాను. అందుకున్నాడు. ఎవరికీ తెలియలేదు. మా నాన్న ఉంటే అనుకున్నాను.

అయిపోయింది. ఇక్కడివాళ్ళు మెల్లగా కొడతారు చప్పట్లు. కూతురు ఏడుస్తోంది. మేనేజరు చెయ్యి పట్టుకుని ఏదో అంది, మేనేజరు తలూపింది. ఆ తలూపడం నేను చూశాను. ఇక్కడే ఉంచుదామని అనుకున్నారని ఇప్పటికీ నమ్ముతాను.

చప్పట్లు ఆగిపోయాయి. మెస్యూ కదలలేదు. నా వైపు తిరిగి నిలబడ్డాడు. ఎదురుచూస్తున్నాడు. దేనికో నాకొక్కదానికే తెలుసు.

అలసిపోయాడని కనిపిస్తూనే ఉంది. పెదాలు ఎండిపోయాయి. నీళ్ళివ్వాలి, కూర్చోబెట్టాలి, అదీ చెయ్యాల్సిన పని. కానీ మాటిచ్చాను. యాభై ఏళ్ళు ఎవరూ అడగనిది నేనడుగుతానన్నాను. మా ఊళ్ళో అయితే ఆ మాట అనకపోవడమే తప్పు.

“వన్స్ మోర్” అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన మొహం ఎలా వెలిగిందో రాయడం నాకు చేతకాదు. కాలరు సర్దుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడో ఊరి దగ్గర ఆగిపోయాడు. రెండక్షరాలు అందించాను. పట్టుకోలేదు. మాట మొత్తం అందించాను. ఆ తర్వాత పద్ధతంతా వదిలేసి లైను లైనంతా చదివాను. ఆయన నా వైపు చూడటం లేదు. ముందు కూర్చున్న ముసలివాళ్ళని చూస్తున్నాడు. వాళ్ళని ఏదో అడుగుతున్నాడు, నా కాగితాల్లో లేని మాటలు. సామానేది అన్నట్టు చేతులు చూపిస్తున్నాడు. తలుపు వైపు చూపించి, రండి రండి అన్నట్టు పిలుస్తున్నాడు. ఎవరూ లేవకపోతే గొంతు పెరిగింది. ఏడుస్తున్నాడు కూడా. దగ్గరున్న ఒకావిడ చెయ్యి పట్టుకుని లేపాడు. ఆవిడ వాకర్ లేకుండా నిలబడలేదు. ఇద్దరూ కలిసి కింద కూర్చుండిపోయారు. ఆవిడకి దెబ్బ తగల్లేదు గానీ భయపడి కేకలు పెట్టింది. మేనేజరు బెల్లు నొక్కింది. కూతురు “పాపా, పాపా” అంటూ నేల మీద కూర్చుని ఆయన తల పట్టుకుంది.

నేను కర్టెన్ దగ్గరే ఉన్నాను. చేతినిండా ఆయన మాటలున్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

ఆ సాయంత్రమే తేల్చేశారు. కూతురు వెళ్తూ వెళ్తూ నా దగ్గరికొచ్చి థాంక్యూ చెప్పింది. తప్పు నీది కాదంది. నేను చెప్పాలనుకున్నది చాలా ఉంది. మా వైపు వన్స్ మోర్ అంటే దండ వేసినట్టని, అది పరీక్ష కాదని, ఆయనకి ఎవరూ వెయ్యని దండ నేను వేద్దామనుకున్నానని. నోట్లోంచి వచ్చింది మాత్రం, సారీ, మై విలేజ్, అగైన్ ఈజ్ గుడ్. ఆవిడ నా భుజం తట్టింది. అర్థం కాలేదని తట్టడంలోనే తెలిసింది.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతున్నవాడు ఆపలేదు. “నువ్వనకపోతే ఆ ఆదివారం గడిచేది” అన్నాడు. “తర్వాతి ఆదివారం ఎవరు గడిపేవాళ్ళు?” ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఆ మొదటి ముక్కే మిగిలింది. గడిచేది.

పంపే ముందు ఆయన బట్టలన్నిటికీ కొత్త హోమ్ పేరుతో పట్టీలు అంటించమన్నారు. అంటించాను. కోటు వంతు వచ్చింది. వాళ్ళావిడ కుట్టిన పట్టీ తీసెయ్యలేదు. దాని కింద చిన్నది అంటించాను.

నెల తర్వాత సెలవు రోజున రెండు బస్సులు మారి వెళ్ళాను. బెల్లు కొడితే నర్సు నంబరు నొక్కి లోపలికి రానిచ్చింది. మెస్యూ కిటికీ దగ్గర కోటేసుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. మదామ్ అనలేదు. నేనెవరో తెలియదు. ఇంగ్లీషు కూడా పోయిందని నర్సు చెప్పింది, కూతురు వచ్చినప్పుడు కాస్త మాట్లాడతాడట, మిగతా రోజుల్లో ఆ భాష తెలిసినవాళ్ళు అక్కడెవరూ లేరు. తెచ్చిన బిస్కెట్లు ఇచ్చాను. సంచిలో నా క్యాలెండర్ కాగితాలున్నాయి. తీయలేదు.

గంటసేపు కూర్చుని లేస్తే ఆయనా లేచాడు. నా వెనకాలే తలుపు దాకా వచ్చాడు. నంబరు నాకు తెలీదు, నర్సు ఇంకో గదిలో ఉంది, ఇద్దరం తలుపు ముందు నిలబడ్డాం. ఆయన గుండీలు పెట్టుకున్నాడు. కాలరు సర్దుకున్నాడు. తలుపు చూపించి నన్నేదో అడిగాడు. అందులో త్రాఁ అన్న మాట ఒక్కటే తెలిసింది. ఎప్పుడు అన్నట్టు మణికట్టు మీద వేలు పెట్టి చూపించాడు.

ఆ భాషలో నాకు అర్థం తెలిసిన ముక్క ఒక్కటే, బండి రాదు. అది ఈ ప్రశ్నకి సరిగ్గా జవాబే. పలకడం కూడా వచ్చు, అరసున్నలతో సహా. ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు, ఏడో ఊరి దగ్గర చెవి తిప్పినట్టే. రెండక్షరాలు అందిస్తే చాలు, మిగతాది ఆయనకే వచ్చేసేదేమో.

నేను అందించలేదు.

“వస్తుందిలెండి మెస్యూ” అని తెలుగులో అన్నాను. ఆయనకేం అర్థమైందో తెలీదు. తల ఊపి, తలుపు వైపు తిరిగి, నా పక్కన నిటారుగా నిలబడ్డాడు. నర్సు వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడి ఉన్నాం.